కొండగట్టు నలభై రోజుల మొక్కు: ఎవరికి పనిచేస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది

ఇంట్లో ఒక మనిషి నాలుగు రాత్రులు కన్నుమూయకుండా తనలో తనే మాట్లాడుకుంటుంటే, కరీంనగర్, జగిత్యాల, వరంగల్ దిక్కు పల్లెల్లో ముందుగా వినబడే సలహా ఒకటే: "గుట్టకు తోల్కపోండ్రి, నలభై దినాలుంటే నయమైతది." గుట్ట అంటే కొండగట్టు. ఆసుపత్రి మాట తర్వాతెప్పుడో వస్తుంది. ఈ సమీక్ష ఆ నలభై రోజుల గురించే. దేవుడి మహిమకు మార్కులు వేసే పని మేం పెట్టుకోలేదు. మానసిక జబ్బున్న మనిషి ఆ గుట్ట మీద నలభై రోజులుంటే ఒంటికి, మెదడుకు, వెంట ఉన్నవాళ్లకు ఏమవుతుంది, ఏం మోసుకెళ్లాలి, ఏం మానకూడదు అన్నది మాత్రమే చూస్తున్నాం.

కొండగట్టు ఆంజనేయస్వామి గుడి జగిత్యాల జిల్లా మల్యాల మండలం ముత్యంపేట దగ్గర ఉంది. కరీంనగర్ నుంచి 35 కిలోమీటర్లు, వరంగల్ నుంచి కరీంనగర్ మీదుగా పోతే వంద దాటుతుంది. పిల్లలు కానివాళ్లు, మతి చెదిరినవాళ్లు అక్కడ నలభై రోజులు కొలువు చేస్తే కోరిక తీరుతుందని తరాల నమ్మకం. తెల్లవారకముందే కోనేటి స్నానం, తడిబట్టలతో ప్రదక్షిణలు, దర్శనం, మధ్యాహ్నం వంట, సాయంత్రం మళ్లీ గుడి, రాత్రి త్వరగా పడక. గుట్ట మీద బేతాళస్వామి గుడి కూడా ఉంది. గాలి సోకిందనుకునేవాళ్లు అక్కడికీ వెళతారు.

ముందు మంచి చెప్పుకుందాం, అది చిన్నది కాదు. ఊళ్లో "పిచ్చి" అన్న మాట పడితే అది ఇంటిమీద పడుతుంది, ఆడపిల్ల సంబంధాల దాకా పోతుంది. "గాలి సోకింది" అంటే మాత్రం తప్పు ఆ మనిషిది కాకుండా పోతుంది. గాలి వచ్చింది, పోతుంది. నయమై వచ్చినవాడిని ఊరు మళ్లీ కల్లంలోకి, పెళ్లి పందిట్లోకి రానిస్తుంది. ఏ మందుల చీటీ ఈ పని చేయలేదు. రెండోది, కుటుంబంలో ఒకరు పనులన్నీ వదులుకుని నలభై రోజులు రోగి పక్కనే ఉంటారు. వేళకు లేపడం, వేళకు తినిపించడం, రోజూ నడిపించడం జరుగుతాయి. ఒంటరితనం ముదిరిన డిప్రెషన్‌లోనూ, స్కిజోఫ్రేనియా (చెవిలో మాటలు, అనుమానాలు పట్టే జబ్బు) నుంచి తేరుకుంటున్న దశలోనూ డాక్టర్లు చెప్పే దినచర్య కూడా ఇలాంటిదే. అక్కడ దాన్ని రోగి చేత చేయించడానికి బతిమాలాల్సిన పని లేదు, మొక్కు చేయిస్తుంది.

దీన్ని కొలిచి చూసినవాళ్లూ ఉన్నారు. తమిళనాడులో మానసిక రోగులు వచ్చి ఉండే ఒక పల్లె గుడిలో 31 మందిని పరిశీలించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. అక్కడ మందులివ్వరు. సగటున ఆరు వారాలు ఉన్నవాళ్లలో జబ్బు లక్షణాల స్కోరు దాదాపు 20 శాతం తగ్గింది. అయితే పోల్చి చూడటానికి ఇంటి దగ్గరే ఉండిపోయిన రోగుల గుంపు ఆ పరిశీలనలో లేదు. తగ్గినదంతా గుడి వల్లే అనలేం, గుడి వల్ల ఏమీ తగ్గలేదనీ అనలేం. ఆదరంగా చూసే చోటు, వేళకు సాగే రోజు, కొట్టని మనుషులు ఉంటే జబ్బు కొంత దిగుతుందని మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి: నలభై రోజులే ఎందుకు కుదురుతుంది? ఉన్నట్టుండి మొదలయ్యే కొన్ని సైకోసిస్‌లు (లేనివి వినబడి, కనబడి మతి చెదిరే జబ్బులు) వాటంతట అవే నెల లోపు సర్దుకుంటాయి. మందు వాడితే నిద్ర, ఉద్రేకం మొదటి వారంలోనే దారికొస్తాయి. చెవిలో మాటలు, అనుమానాలు తగ్గడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. డిప్రెషన్ మాత్ర పని మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు కావాలి, పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి ఆరు వారాలు. అంటే ఈ నలభై రోజుల దీక్షకూ మాత్రల గడువుకూ లెక్క ఇంచుమించు ఒకటే. రెండూ ఒకే రోజు మొదలుపెట్టిన ఇంట్లో నలభయ్యో రోజున మనిషి తేటపడితే పేరు మొక్కుకు పోతుంది. పోనివ్వండి, దానివల్ల నష్టం లేదు. నష్టం నలభై ఒకటో రోజున మొదలవుతుంది. "స్వామి నయం చేసిండు, ఇంక గోలీలెందుకు" అని స్ట్రిప్ పక్కన పడేస్తారు. మాత్ర ఆపిన మర్నాడే జబ్బు తిరగబెట్టదు. కొన్ని వారాలు, కొందరికి నెలలు బాగానే గడుస్తాయి. తర్వాత ఒక రాత్రి నిద్ర పట్టదు, మళ్లీ మాటలు మొదలవుతాయి. అప్పటికి గోలీలు ఆపిన సంగతి ఎవరికీ గుర్తుండదు. "మొక్కు సరిగ్గా తీర్చలేదు" అని మళ్లీ గుట్టకు బయలుదేరుతారు. ఇలా తిరిగినకొద్దీ, తిరగబెట్టిన ప్రతిసారీ, జబ్బు మొండికెత్తే ప్రమాదం పెరుగుతుంది. మొదటిసారి సైకోసిస్ వచ్చినవాళ్లకు తగ్గాక కూడా కనీసం ఏడాది, డిప్రెషన్‌లో తేరుకున్నాక ఆరు నుంచి తొమ్మిది నెలలు మందు సాగాలి. ఆ తర్వాత డాక్టరే కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

కాబట్టి మందు సాగుతూ ఉన్న నలభై రోజులకు మేం 5కు 4 ఇస్తాం. మందు మాన్పించి తీసుకెళ్తే 1.

గుట్ట నియమాలు, మాత్రలు ఎక్కడ తగాదా పడతాయో తెలియకే ఎక్కువ ఇళ్లు దెబ్బతింటాయి. అన్నిటికంటే ప్రమాదం లిథియంతో. ఉన్మాదం, దిగులు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బుకు వాడే ఈ మాత్ర నిజానికి ఒక ఉప్పు. ఒంట్లో నీళ్లు, మామూలు ఉప్పు తగ్గితే కిడ్నీలు లిథియాన్ని పట్టి ఉంచుకుంటాయి, రక్తంలో అది విషంగా మారేదాకా పెరుగుతుంది. మొక్కులో జరిగేదేమిటి? ఒక్కపొద్దు, చప్పిడి కూడు, ఎండలో నడక. చిన్న జయంతి చైత్ర పౌర్ణమికి, పెద్ద జయంతి వైశాఖ బహుళ దశమికి. రెండూ మండుటెండల రోజులే, హనుమాన్ మాల వేసుకుని దీక్షలో ఉన్నవాళ్లు జిల్లాలు దాటి కాలినడకన వస్తారు. కాళ్లు నొస్తే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ గానీ ఐబుప్రొఫెన్ గానీ కొని వేసుకుంటారు. ఆ నొప్పి గోలీలు కూడా లిథియాన్ని పెంచుతాయి. ఇవన్నీ ఒకే వారంలో కలిస్తే చేతులు గట్టిగా వణకడం, వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం, తూలి పడటం మొదలవుతాయి. చూసేవాళ్లకు అది పూనకంలా కనిపిస్తుంది. నిజానికి అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సమయం. లిథియం వాడేవాళ్లు గుట్టకు పోయే ముందు రక్త పరీక్ష చేయించుకోవాలి. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. మామూలుగా రక్తంలో లిథియం లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తారు. ఉప్పు మానకూడదు, నీళ్లు తాగుతూ ఉండాలి, నొప్పికి పారాసిటమాల్ చాలు, వాంతులు పట్టుకుంటే ఆ పూట మాత్ర ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి. "స్వామికి ఉప్పు మొక్కుకున్నం" అనేవాళ్లు ఉప్పుకు బదులు తీపి మానుకుంటామని మొక్కుకోవచ్చు. పూజారులను అడిగితే మొక్కు మార్చుకునే దారి చెబుతారు.

రెండోది నిద్ర. నాలుగు గంటలకే లేవడం మామూలు మనిషికి మేలు. బైపోలార్ ఉన్న మనిషికి రెండు మూడు రాత్రుల నిద్ర కోత చాలు, ఉన్మాదం ఎక్కడానికి. రాత్రి భజనలు, జాగారం అతనికి పనికిరావు. సైకోసిస్‌కు, ఉన్మాదానికి ఇచ్చే ఒలాంజపిన్ లాంటి మాత్ర రాత్రి పదింటికి వేసుకుని నాలుగింటికి కోనేట్లో దిగితే మత్తులో కాలు జారుతుంది. డాక్టరుతో మాట్లాడి మాత్రను ఎనిమిది గంటలకు జరుపుకుని, తొమ్మిదికల్లా పడుకోబెట్టి, ఏడు గంటల నిద్ర పూర్తయ్యాకే లేపాలి. తెల్లవారుజామున మొదటి స్నానమే చేయాలని స్వామి ఎవరినీ నిర్బంధించలేదు, ఏడింటికి చేసినా మొక్కు మొక్కే.

మూడోది బీడీ. దీక్షలో పొగ మానడం మంచిదే. కానీ పొగాకు పొగ కొన్ని మందులను కాలేయం త్వరగా కరిగించేలా చేస్తుంది. బీడీలు ఆపగానే సైకోసిస్ మందు క్లోజపిన్, కొంతవరకు ఒలాంజపిన్ రక్తంలో పెరుగుతాయి. ఆపిన వారంలో మనిషి కూర్చున్నచోటే తూగుతున్నా, నోట చొంగ కారుతున్నా మోతాదు తగ్గించాల్సి వస్తుందేమో డాక్టరును అడగాలి. చేతుల బిగుసుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర చెమటను తగ్గిస్తుంది కనుక ఏప్రిల్, మే ఎండల్లో ప్రదక్షిణలు పొద్దున్నే ముగించాలి, లేదా సాయంత్రానికి పెట్టుకోవాలి.

నాలుగోది కల్లు, సారా. ఉత్తర తెలంగాణలో దీని గురించి గట్టిగా చెప్పాలి. దుకాణంలో అమ్మే కల్లులో చాలాచోట్ల ఆల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒంటికి అది అలవాటైపోతుంది. మాల వేసుకున్న రోజే కల్లు పూర్తిగా మానేస్తాడు. మొదటి రోజు వణుకు, చెమట. రెండో రోజు మూర్ఛలు రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివాళ్లు కనబడటం, గోడమీద పురుగులు పాకడం, ఎవరో చంపడానికి వస్తున్నారని పరుగెత్తడం. ఇంట్లోవాళ్లు "మాల వేసుకున్నంక దయ్యం బయటపడింది" అనుకుంటారు. దయ్యం కాదు, కల్లు మత్తు మందు ఆగినందుకు మెదడు పెట్టే కేక. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు, 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసినప్పుడు ఇలాంటివాళ్లు ఆసుపత్రులకు గుంపులుగా వచ్చారు. దీనివల్ల ప్రాణమే పోవచ్చు. రోజూ తాగే మనిషి మాల వేసుకోవాలనుకుంటే పది రోజుల ముందే డాక్టరును కలవాలి. మత్తును మెల్లగా దింపే మందు, విటమిన్ బి1 ఇస్తారు. ఆ తర్వాత మాల వేసుకుంటే దీక్షా నిలుస్తుంది, మనిషీ నిలుస్తాడు. ఇలా మొదలైన నలభై రోజులు తాగుడు మానేందుకు దొరికే గొప్ప అవకాశం. మాల మెడలో ఉన్న మనిషిని దుకాణానికి రమ్మని ఎవరూ పిలవరు.

కొందరిని గుట్టకు తీసుకెళ్లనేకూడదు. జ్వరంతో పాటు అకస్మాత్తుగా వాగుడు మొదలైతే అది మెదడు జ్వరమో, ఏటూరునాగారం దిక్కు అడవి ఊళ్లలో అయితే మలేరియానో కావచ్చు. ముందు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి, లేదా దగ్గరలోని పెద్దాసుపత్రి. కాన్పై రెండు మూడు వారాలు కాని బాలింత నిద్రపోకుండా బిడ్డ గురించి వింతగా మాట్లాడితే అది గాలి కాదు, అదే రోజు డాక్టరు చూడాలి. తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రమాదం. చనిపోతానని అంటున్నవాళ్లు, నాలుగు రోజులుగా అన్నం నీళ్లు ముట్టనివాళ్లు, కొయ్యబారి కదలకుండా ఉన్నవాళ్లు కూడా అంతే. కొండ మీద కోనేరు ఉంది, లోయలున్నాయి. చావు మాట ఎత్తే మనిషిని అక్కడ నలభై రోజులు కాపలా కాయడం ఒక్కరి వల్ల కాదు. నోరెండిపోయి, కళ్లల్లో నల్లగుడ్డు పెద్దదై, గాలిలో దారాలు తెంపుతున్నట్టు చేతులాడిస్తుంటే ఎవరైనా పసరు తాగించారేమో అడగండి. ఉమ్మెత్త పసరు ఇలాగే చేస్తుంది.

దర్గాల గురించి రెండు ముక్కలు. కాజీపేట దర్గా, పర్వతగిరి మండలం అన్నారం దర్గా ఈ ప్రాంతపు హిందువులూ ముస్లింలూ కలిసి వెళ్లే చోట్లు. వేములవాడ రాజన్న గుడి ఆవరణలోనే దర్గా ఉంది. మందుతో పాటు వెళ్లినంత కాలం పైన చెప్పినదే వీటికీ వర్తిస్తుంది. గుజరాత్‌లోని ఉనావా మీరాదాతార్ దర్గా దగ్గర 2008 నుంచి దవా (మందు), దువా (ప్రార్థన) రెండూ ఒకేచోట ఇచ్చే ఏర్పాటు నడిచింది. దర్గా సేవ చూసే ముజావర్ దువా చేసి, పక్కనే ఉన్న డాక్టరు దగ్గరికి పంపేవాడు. మన గుట్టల దగ్గరా, దర్గాల దగ్గరా అలాంటి ఒక్క గది ఉంటే ఈ సమీక్షలో సగం రాయాల్సిన పని ఉండేది కాదు. దీనికి పూర్తి వ్యతిరేకమైన ఉదాహరణ ఏర్వాడి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఆ ఊళ్లో ఒక ప్రైవేటు ఆశ్రమ షెడ్డుకు నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక కాలిపోయారు. మానసిక రోగిని ఏ రూపంలో గొలుసు వేయడమైనా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ఎంత పేరున్న స్థలమైనా, ఎంత మంచి మాటలు చెప్పినా, గొలుసు గానీ, మిరపకాయల పొగ గానీ, వాత గానీ, కొట్టడం గానీ కనిపిస్తే ఆ క్షణమే వెనక్కి రండి.

పూనకాన్ని కూడా జబ్బుతో కలపకండి. ఐనవోలు (ఐలోని) మల్లన్న జాతరలో శివసత్తులకు (దేవుడు పూనే ఆడవాళ్లకు) పూనకం వస్తుంది, డప్పు ఆగితే దిగుతుంది. మర్నాడు ఆమె నాట్లకు పోతుంది. ఆమెకు డాక్టరు అవసరం లేదు. జాతర లేకుండా, డప్పు లేకుండా, ఇంట్లో ఒంటరిగా, తనకే ఇష్టం లేకుండా వారాల తరబడి వస్తూ పని, తిండి ఆగిపోతే అది వేరు.

గుట్టకు బయలుదేరే ముందు, గుట్ట మీద ఉండగా చేతిలో ఉంచుకోవాల్సిన సేవ టెలి మానస్. నంబరు 14416, లేదా 1800-891-4416. 2022 అక్టోబరు 10న మొదలైంది, ఉచితం, రాత్రింబవళ్లు నడుస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు భాష ఎంచుకోమంటుంది, తర్వాత కౌన్సెలర్ ఎత్తుతారు, అవసరమైతే మానసిక వైద్యుడికి కలుపుతారు. రోగే మాట్లాడాలని లేదు, ఇంట్లోవాళ్లు చేయొచ్చు. ఈ ఫోన్ బాగా ఉపయోగపడాలంటే మొదటి నిమిషంలోనే ఇవి చెప్పండి: ఎన్ని రాత్రులుగా నిద్ర లేదు, జ్వరం ఉందా, కాన్పు ఎప్పుడైంది, కల్లు గానీ సారా గానీ చివరిసారి ఎప్పుడు తాగారు, స్ట్రిప్ మీద రాసి ఉన్న మాత్రల పేర్లు, చావు మాట ఎత్తారా. తర్వాత గుట్టకు పోతున్నామని, ఒక్కపొద్దులుంటాయని కూడా చెప్పండి. డాక్టరు తిడతాడని తాయెత్తును చొక్కా లోపలికి తోసేవాళ్లు చాలామంది. దాచితే ఉపవాసానికి మాత్రకు మధ్య తగాదా ఎవరికీ తెలియదు. తాయెత్తు మాత్రకు అడ్డం కాదు, దాన్ని విప్పించాల్సిన పని ఏ డాక్టరుకూ లేదు. ఆ సేవకు 5కు మూడున్నర. తగ్గించిన ఒకటిన్నరకు కారణం ఫోన్‌కు సహజంగా ఉండే హద్దులే: ఒళ్లు పట్టి జ్వరం చూడలేదు, థైరాయిడ్ పరీక్ష చేయలేదు, రోగి కత్తి పట్టుకున్నప్పుడు ఇంటికి రాలేదు. అలాంటప్పుడు 108 గానీ 112 గానీ.

ఇక సంచిలో ఏం ఉండాలి. నలభై రోజులకు కాకుండా యాభై రోజులకు మాత్రలు, ఎందుకంటే మొక్కు తీరిన మర్నాడే ఎవరూ పట్నం పోరు. డాక్టరు చీటీ ఫొటో ఇద్దరి ఫోన్లలో. మాత్రలను వెంట ఉన్న మనిషే కొంగుకు కట్టుకోవాలి, రోగి చేతికి స్ట్రిప్ ఇవ్వకూడదు. రాత్రి దీపారాధన అయ్యాక, తీర్థం తాగే చేతిలోనే మాత్ర పెట్టి, నీళ్లు తాగించి, మింగాడో లేదో నోరు తెరిపించి చూడాలి. చాలామంది దాన్ని నాలుక కింద దాచి మెట్ల పక్కన ఉమ్మేస్తారు. చిన్న నోటుపుస్తకంలో రోజూ మూడే మాటలు రాయాలి: ఎన్ని గంటలు పడుకున్నాడు, ఎన్ని పూటలు తిన్నాడు, మాత్ర పడిందా. మొక్కు తీరాక ఆ పుస్తకం డాక్టరుకు చూపిస్తే పది నిమిషాల ప్రశ్నలు తప్పుతాయి. వెంట ఉండేవాళ్లు పది రోజులకొకసారి మారాలి. ఒక్కతే అమ్మ నలభై రోజులు ఉంటే ముప్పయ్యో రోజుకు ఆమెకు కూడా నిద్ర కరువవుతుంది.

బయలుదేరే ముందే మళ్లీ చూపించుకునే తేదీ డాక్టరు చేత చీటీ మీద రాయించుకోండి. అది మొక్కు తీరిన వారం లోపు ఉండాలి. ఇంట్లో క్యాలెండర్ మీద మొక్కు తీరే రోజు చుట్టూ గీసిన గుండ్రం పక్కనే ఆ తేదీ చుట్టూ కూడా ఇంకొకటి గీసి పెట్టండి.